పొద్దు వియ్యం

సోమవారం. చిరిపంపలో ఇంకా ఆదివారం రాత్రే

బూర ఊదిన ప్రతిసారీ ఎందుకు ఊదావో రాసిపెట్టు పెద్దమ్మా అన్నాడు ఓబులేసు. మా ఎర్రకొట్టాలలో పొద్దుల ఆఫీసుకు అతనే పెద్ద. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని, నేనేమి రాస్తాను నాయనా అన్నాను. "ఊదేదానికి వచ్చింది కదా, రాసేదానికీ వస్తుందిలే" అన్నాడు. నవ్వుతూ అన్నాడు గానీ మనసులో నవ్వు లేదు. అందుకని రాస్తున్నాను.

నిన్న ఊదింది ఎందుకంటే, నేల తెల్లబడింది.

పొద్దున్నే కొట్టంలో కూర్చుని, అద్దాలు పెట్టుకుని, చిరిపంపలోని మరబొమ్మను ఎక్కాను. ఎక్కడమంటే మనిషి కదిలేది లేదు. ఒళ్ళు ఇక్కడే పీట మీద ఉంటుంది, చూపూ చేతులూ భూమికి అటు పక్కకు పోతాయి. అక్కడ సతురమ్మ దొడ్డి ముందు బొమ్మ నాలుగు కాళ్ళ మీద లేచి నిలబడుతుంది, మెడలో దీపం వెలుగుతుంది. ఆపదొస్తే ఊరిని లేపే బూర కూడా దాని మెడలోనే, మీట మాత్రం ఇక్కడ నా చేతి కింద. ఇక్కడ కోడి కూసేవేళకు అక్కడ అన్నాలు తిని పడుకోబోతుంటారు. వాళ్ళ అల్పాకాలను రాత్రంతా నేను కాస్తాను. అల్పాకా అంటే గొర్రె ఒంటి మీద ఒంటె మెడ పెట్టినట్టుంటుంది. ఇక్కడ చీకటి పడితే మా దొడ్డిలో ఉన్న బొమ్మను సతురమ్మ ఎక్కి, నా గొర్రెలను కాస్తుంది. రెండు ఊళ్ళలోనూ రాత్రి కాపలా అనేదే లేకుండా పోయింది. అందరికీ పగటి పనే.

జత కలిపింది ఆఫీసువాళ్ళు. దాన్ని పొద్దు వియ్యం అన్నది మాత్రం మేమే. పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకున్నట్టు, మా రాత్రి వాళ్ళకిచ్చి వాళ్ళ రాత్రి మేము తెచ్చుకున్నాము. ఆమె అసలు పేరు సతుర్నినా. నా నోటికి సతురమ్మ అయింది. వియ్యపురాళ్ళం కాబట్టి వదినా అంటే వదినా అనుకుంటాము. మధ్యలో మాటలు మార్చే పెట్టె ఉంది. మొదట్లో అది ఆమె మాటలను రేడియో వార్తల్లా చదివేది. మా మాటలు వినీ వినీ ఇప్పుడు సతురమ్మ కూడా మా ఊరి కోడలిలాగే మాట్లాడుతుంది.

ఇంతకీ నిన్న. దొడ్డి పక్కన బయల్లో సతురమ్మ గడ్డలు పరిచింది, మన ఆలుగడ్డలలాంటివే, చిన్నవి. నడిజాము దాటాక చూస్తే వాటి మీద, గడ్డి మీద, రాళ్ళ మీద అంతా తెల్లగా ఉంది. ఎవరో పగవాళ్ళు సున్నం చల్లిపోయారనుకున్నాను. ఊదేశాను.

సతురమ్మ శాలువా చుట్టుకుని కట్టె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పక్కింట్లో ఉండే కూతురు నిల్దా వెనకాలే వచ్చింది. ఆ వీధిలో నాలుగిళ్ళు దీపాలు పెట్టాయి.

"యేమొచ్చింది వదినా, నక్కా?"

"నక్క కాదమ్మా, నీ గడ్డల మీద ఎవుడో సున్నం సల్లినాడు సూడు!"

సతురమ్మ కట్టె ఆనుకుని ఒంగి మరీ నవ్వింది. "అది మంచు వదినా. పేరుకున్న మంచు. దానికోసరమే పరిచింది. మీరు మిరక్కాయలు ఎండకు పెడతారు గదా, మేము గడ్డల్ని చలికి పెడతాము. నీకు చలంటే తెల్దు, నీ బొమ్మకూ తెల్దు. సరిపోయినారు ఇద్దరూ."

రాత్రికి గడ్డకట్టి, పొద్దున ఎండకు మెత్తబడితే, కాళ్ళతో తొక్కి నీళ్ళు పిండుతారట. మళ్ళీ పరుస్తారట. అట్లా కొన్నాళ్ళు చేస్తే రాళ్ళలా ఎండిపోయి ఏళ్ళ తరబడి చెడవట. నాకేమి తెలుసు? ఊదకుండా ఉండాల్సింది. నా పక్క పీట మీద కూర్చుని ఇంకో ఇంటి మందను కాసే మారెక్క పొద్దుగూకేదాకా అదే పాట. "సున్నం సల్లినారంట! ఇంగ తాంబూలం గూడా ఇస్తారేమో సూడు మ్మే!"

బుధవారం. అక్కడ మంగళవారం

ఈ రోజు ఊదలేదు. ఊదాలని రెండుసార్లు అనిపించింది. ఒకసారి చుక్క రాలింది. ఒకసారి ఒక అల్పాకా ఊరికే లేచి నిలబడి ఎటో చూసింది. అది ఎందుకు చూసిందో ఇప్పటికీ నాకు అంతుబట్టలేదు.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగులుతాయంటారు, పగిలేటట్టే ఉంది. కొట్టంలో కూర్చుంటే వీపు మీద చెమట కాలువ కడుతుంది. అద్దాల్లో చూస్తే అక్కడ నిల్దా నోట్లోంచి పొగ వస్తుంటుంది. కళ్ళు చలికాలంలో, ఒళ్ళు ఎండాకాలంలో. ఎన్నాళ్ళు చేసినా ఈ రెండూ నాలో కలవవు.

పొద్దున అప్పగింత వేళ సతురమ్మ కాసేపు మాట్లాడింది. అప్పగింతకు మాకొక వరస ఉంది. అప్పజెప్పేవాళ్ళు "మంద నీకు" అంటారు. తీసుకునేవాళ్ళు "నిద్ర నీకు" అంటారు. ఆ మాటలు పడితేగానీ బొమ్మ దిగకూడదు. రెంటికీ మధ్యన కష్టం సుఖం చెప్పుకుంటాము.

"రాత్రి మీ ఊరంతా బయటే పండుకోనింది వదినా. మంచాలే మంచాలు. సంత మాదిరి ఉండాది."

"ఇంట్లో పండుకుంటే ఉడికిపోతామమ్మా. ఇంత గాలి తగలల్ల కదా."

"నువ్వు చెంప కింద చెయ్యి పెట్టుకోని, చుక్కల కింద, మారాణి మాదిరి. గురక మాత్రం దున్నపోతుది."

"నాకు గురక లేదు."

"నీకు లేదులే, నీ మంచానికి ఉండాది." మళ్ళీ తనే అంది. "నాకు ఆశగా ఉంటాది వదినా. పుట్టిన కాడి నుంచి గోడల మధ్యనే పండుకున్నా. ఒక్క రాత్రన్నా నీ మాదిరి బయట పండుకోవల్ల. పండుకుంటా సూడు."

పండుకో తల్లీ, నేను కాస్తానులే అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాము.

శుక్రవారం. అక్కడ గురువారం రాత్రి

ఊదాను. రాయాలంటే సిగ్గుగా ఉంది.

సతురమ్మ ఇంటి తలుపు తెరిచి ఉంది. పడుకున్నాక ఆమె ఎప్పుడూ గడియ పెడుతుంది, ఆ చప్పుడు నాకు వినబడుతుంది. ఈ రోజు చప్పుడు లేదు, తలుపు నోరు తెరుచుకుని ఉంది. దొంగలేమో, ఆమెకేమైనా అయిందేమో, ఎన్నో అనుకున్నాను. దొడ్డి వదిలి ఇళ్ళలోకి బొమ్మ పోకూడదు, అది ఒప్పందం. ఊదాను. ఒకసారి కాదు, ఆగకుండా ఊదాను.

ఊరు ఊరంతా లేచింది. చంటిపిల్లలు ఏడ్చారు. మగవాళ్ళు గొడ్డళ్ళు పట్టుకొచ్చారు. చివరికి సతురమ్మ దొడ్డి వెనక నుంచి లంగా సర్దుకుంటూ వచ్చింది. మజ్జిగ పోసినట్టు తెల్లగా ఉంది మొహం.

"ఒంటికి పోయొచ్చేదానికి గూడా నీ ఉత్తరువు కావల్లా వదినా?"

అందరూ నవ్వితే బాగుండేది. కొందరే నవ్వారు. మిగతావాళ్ళు నవ్వకుండా ఇళ్ళలోకి పోయారు.

మధ్యాహ్నం ఓబులేసు కొట్టానికి వచ్చాడు. కూర్చోలేదు.

"పెద్దమ్మా, చిరిపంపవాళ్ళు అర్జీ పెట్టినారు. నిద్ర లేకుండా చేస్తాందంట మీ మనిషి. ఇంగొక్కసారి ఉత్తపుణ్యానికి ఊదితే ఈ వియ్యం తెంపేస్తారు. నీకు వేరే ఊరు, ఆయమ్మకు వేరే మనిషి."

"వేరే ఊరా? యాడిదప్పా?"

"యాడిదైతే యేముంది? రాత్రి రాత్రే కదా."

అతనికి అట్లాగే ఉంటుంది. నాకు ఆ దొడ్డిలో ఏ రాయి ఎక్కడుందో తెలుసు. ఏ అల్పాకా ఏ పక్కకు తిరిగి పడుకుంటుందో తెలుసు. నాకు ఎవరున్నారని? పెళ్ళయిన మూడో ఏటే మొగుడు పోయాడు, పిల్లలు లేరు. పొద్దునా సాయంత్రం నన్ను పేరు పెట్టి తిట్టే మనిషి సతురమ్మ ఒక్కతే.

సాయంత్రం అప్పగింతప్పుడు ఆమె నవ్వకుండా మాట్లాడింది. "వదినా, నేను లేస్తే ఊదుతావు, కూసుంటే ఊదుతావు. నక్కొస్తే ఊదు, దొంగొస్తే ఊదు. నాకోసరం ఊదొద్దు. నిన్ను తీసేసి ఇంగెవరినో ఇస్తే, ఈ వయసులో ఇంగొకరి గురక నేను యాడ అలవాటు చేసుకోవల్ల?"

ఊదనని ఒట్టు పెట్టాను. గొర్రెల మీద పెట్టాను.

ఆదివారం

ఊదలేదు. ఏమీ లేదు. బూర మీటకు గుడ్డ చుట్టాను, చెయ్యి దానంతటది పోకుండా.

మంగళవారం, మిట్టమధ్యాహ్నం. అక్కడ సోమవారం దాటిన నడిరాత్రి

ఈ రోజు ఎందుకు ఊదలేదో రాయాలనిపించి, మధ్యలోనే అద్దాలు తీసి రాస్తున్నాను.

పొద్దున అప్పగింత అయ్యాక సతురమ్మ గడ్డలు సర్దడానికి దీపం పట్టుకుని బయటికి వచ్చింది. నేను మందను దొడ్డిలోకి తోలుతున్నాను. ఒక అల్పాకా పిల్ల వెనకబడితే దాని కోసం వాగు దాకా పోయాను. తిరిగొచ్చి చూద్దును కదా, సతురమ్మ గడ్డల పక్కన ఎండుగడ్డి మీద పడుకుని ఉంది. ఒక పక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని. శాలువా సగం కింద, సగం మీద.

మీట మీదికి చెయ్యి పోయింది. గుడ్డ తగిలింది.

అప్పుడు గుర్తొచ్చింది, పండుకుంటా సూడు అన్నది. అన్నంత పనీ చేసింది మహాతల్లి. పైన చూస్తే చుక్కలు, పిండి ఆరబోసినట్టు. ఇక్కడ నా మెడ మీద చెమట కారుతోంది. ఎంత హాయిగా పడుకుందో అనుకున్నాను. దీపం కళ్ళలో పడితే మేలుకుంటుందేమోనని బొమ్మ మెడలో దీపం తగ్గించాను. రెండు అల్పాకాలు దొడ్డి దాటి వచ్చి ఆమెకు ఆనుకుని కూర్చోబోయాయి. నిద్ర చెడగొడతాయని అదిలించి లోపలికి తోలాను. రెండూ మొండికేశాయి. మళ్ళీ మళ్ళీ తోలాల్సి వచ్చింది.

మారెక్కకు చెప్పాను. "సూసినా, భయపడినా, కానీ ఊదలే."

"ఇన్నాళ్ళకు బుద్ధొచ్చిందిరా నా తల్లికి!" అని నా బుగ్గ గిల్లింది. నాకూ గర్వంగానే అనిపించింది. ఇంత కాలంలో ఒక మనిషిని చూసి దిగులుపడకుండా ఉన్నది ఈ రోజే.

సంగటి తినొచ్చి మళ్ళీ చూస్తాను.

గురువారం

మంగళవారం సాయంత్రం సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

అక్కడ తెల్లవారబోతుండగా అప్పగింతకు మంద నీకు అన్నాను. జవాబు రాలేదు. గట్టిగా అన్నాను. రాలేదు. ఈ రోజు బాగా నిద్ర పట్టినట్టుంది, లేపుదామని బొమ్మను దగ్గరికి నడిపించాను. దీపం పెంచాను. ఆమె జుట్టు మీద, కనురెప్పల మీద తెల్లగా ఉంది. గడ్డల మీద ఉన్నట్టే ఉంది.

అప్పుడు ఊదాను. గుడ్డ విప్పే ఓపిక లేక గుడ్డతోనే ఊదాను.

ఎవరూ త్వరగా రాలేదు. మళ్ళీ ఆ ముసలిదేనని పడుకుని ఉంటారు. నిల్దా వచ్చింది. తర్వాత అందరూ వచ్చారు. బొమ్మ చేతులు ముందుకు చాచి నిలబడ్డాను. ఏమి చెయ్యాలో తెలియక అట్లాగే చాచి ఉంచాను. ఎవరో వాటిని పక్కకు నెట్టి ఆమెను ఎత్తుకుపోయారు.

తల తిరిగి పడిపోయిందట. పడగానే పోలేదట. ఆ ఊరి డాక్టరు చెప్పాడని ఓబులేసు చెప్పాడు. లోపలికి తెచ్చి ఒళ్ళు కాచి ఉంటే, నడిరాత్రి దాకా కూడా బతికేదేనట. చలి చంపిందట.

చలి. నాకు తెలుసు కదా. గడ్డలు రాళ్ళయ్యేంత చలి అని ఆమే చెప్పింది, నేనే ఈ కాగితాల్లో రాశాను. తెలిసి కూడా నా ఒంటి మీది చెమటను నమ్మాను. ఎండాకాలంలో బయట పడుకున్న మనిషిని చూస్తే మా ఊళ్ళో ఎవరికీ దిగులు పుట్టదు. నాకూ పుట్టలేదు. గాలి వీచినా దిగులుపడేదాన్ని, ఆ ఒక్క పొద్దూ నాకు దిగులు పుట్టలేదు. అల్పాకాలు వెచ్చచేద్దామని వస్తే వాటినీ తోలేశాను.

శుక్రవారం

ఓబులేసు వచ్చి ఈ రోజు కూర్చున్నాడు. నా కాగితాలు చదివాడు. మంగళవారం దగ్గర చాలాసేపు ఆగాడు.

"నీ తప్పేమీ లేదని రాస్తా పెద్దమ్మా. మంద భద్రంగా ఉండాది. ఇళ్ళ మనుషుల బాధ్యత మనకు లేదు, ఒప్పందంలో లేదు. మంగళవారం కాగితం ఒకటి తీసి పక్కన పెట్టు. పైవాళ్ళకు పంపాల్సిన పని లేదు."

"ఉండనీ" అన్నాను.

"నీ మంచికే చెప్తాండా."

"తెలుసు నాయనా. ఉండనీ."

ఇన్నాళ్ళూ ఒక్క మాటకు నాలుగు మాటలనే మారెక్క ఊరికే తన మజ్జిగ చెంబు నా వైపు జరిపింది. నన్ను ఎగతాళి చెయ్యవే అని బతిమాలాలనిపించింది.

వియ్యపురాలు పోతే మూడో నాడు చీరా పసుపూ కుంకుమా పంపాలి, కూడు వండి మందకు దిష్టి తీయాలి. మూడో నాడు ఎప్పుడు? వాళ్ళకు సోమవారం రాత్రి పడింది. అప్పటికి నాకు మంగళవారం. ప్రాణం పోయింది ఏ వారమో డాక్టరుకూ తెలియదు. ఏ వారం నుంచి లెక్కపెట్టాలని మారెక్కను అడిగాను. "చచ్చినోళ్ళ లెక్కే లెక్క" అంది. అట్లా సోమవారం నుంచి లెక్కపెట్టి మొన్న బుధవారమే వండాను. ఆమె లెక్కేదో నాకు తెలిసినట్టు వండాను.

ఆదివారం. అక్కడా ఆదివారమే, తెల్లవారింది

సతురమ్మ పీట మీద ఇప్పుడు నిల్దా కూర్చుంటుంది. మూడు రోజులుగా అప్పగింతలో మంద మాట తప్ప మరో మాట లేదు. ఈ సాయంత్రం మాట్లాడింది.

నేను బొమ్మ దిగకముందే ఆమె గడ్డలు తొక్కడానికి వచ్చింది. తల్లి పరిచినవే. చెప్పులు విప్పి, ఒట్టి కాళ్ళతో కుప్ప మీద ఎక్కి తొక్కుతూ, నా వైపు చూడకుండా అంది.

"పెద్దమ్మా, నీకొక మాట చెప్పల్ల. ఆ పొద్దు మంచులో నీ బొమ్మ జాడలు చూసినా. అమ్మ చుట్టూ ఉన్నాయి. నువ్వు అటూ ఇటూ తిరిగినావు. అమ్మ ఒంటిగా పోలేదని నాకు అదొక్కటే ధైర్యం."

తొక్కుతూనే మళ్ళీ అంది.

"ఊళ్ళో కొందరు నిన్ను అంటాండారు. కాపలా ఉండి చూడలేదని. నేను ఊరుకోలేదు. నడిరేయి, మా ఇంట్లోంచి చూసినా, బొమ్మ దీపం గూడా తగ్గి ఉండాది, చీకట్లో ఎవరికి కనబడతాది అని గట్టిగా అడిగినా."

ఊరుకుంటే సరిపోయేది. ఆ పిల్లకు ఆ ధైర్యం ఉండేది, నాకు ఆ పిల్ల ఉండేది. ఓబులేసు తీసేయమన్న కాగితం లాంటిదే ఇదీ. నా పక్కన మారెక్క తన అద్దాలు తీసి నా వైపే చూస్తోందని నాకు తెలుస్తూనే ఉంది.

"నిల్దా, నాకు చీకటి కాదమ్మా" అన్నాను. "మీకు రాత్రి. నాకు పట్టపగలు. దీపం నేనే తగ్గించినా. నాకు కనబడింది."

ఆమె కాళ్ళు ఆగాయి.

"ఎంతసేపు?"

గడియారం చూసి చెప్తే మా గడియారం వేరు, వాళ్ళ గడియారం వేరు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "చూసినాక మజ్జిగ తాగినాను. గొర్రెలకు నీళ్ళు పెట్టొచ్చి మళ్ళా చూసినా. సంగటి తినొచ్చి మళ్ళా చూసినా. నిద్రపోతాందనుకున్నా తల్లీ. మా ఊళ్ళో అట్లనే పండుకుంటాము."

పెట్టె నా మాటలు మార్చి చెప్పడం అయిపోయింది. నిల్దా కుప్ప దిగలేదు. నా వైపు తిరగలేదు. ఆమె పాదాల కింద గడ్డల్లోంచి నీళ్ళు ఊరి, గడ్డిలోకి ఇంకిపోతున్నాయి.

చాలాసేపటికి, ఎండ పోతే ఇవి పాడవుతాయని గుర్తొచ్చినట్టు, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. మెల్లగా, ఒక్కొక్క అడుగే.

ఇక్కడ పొద్దు గూకింది. కొట్టంలో దీపం పెట్టి మారెక్క ఇంటికి పోయింది. నేను అద్దాలు తీయలేదు. ఆమె పొమ్మంటే పోదామని కూర్చున్నాను. నిల్దా పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. తొక్కుతూనే ఉంది.